పప్పులో చేదు

12 జూన్ 2006
రాయపూర్ ఆసుపత్రి నుంచి వచ్చాం. లోకల్ రైల్లో మా ఆయన విన్సెంట్ మా రిపోర్టులు రెండూ పక్కపక్కన పెట్టి చూస్తూ కూర్చున్నాడు. పవర్ హౌస్ స్టేషన్‌లో దిగి నాకంటే ముందు నడుచుకుంటూ పోయాడు.

ఇద్దరికీ హెచ్‌ఐవీ. ఒకే మందు, ఒకే డబ్బాలోంచి, ప్రార్థన కాగానే వేసుకుంటాం. ఏడాది దాటింది. సీడీ ఫోర్, అంటే రోగంతో పోరాడే కణాల లెక్క, నాకు బాగా పెరిగింది. ఆయనకు పెరగనే లేదు. మొదలుపెట్టిన రోజు ఇద్దరిదీ ఇంచుమించు ఒకటే. అప్పుడు కూడా వైరస్ మాత్రం నాకే తక్కువ. ఎందుకో తెలియదు.

13 జూన్
ఏటే లిల్లీ, మందు కూడా నీ పార్టీయేనా అన్నాడు. నవ్వాడు. తర్వాత, నీకు తక్కువుందంటే నా నుంచే నీకొచ్చుంటాది అన్నాడు. ఈసారి నవ్వలేదు.

పెళ్ళికి ముందు నాకు ఆపరేషన్‌లో రక్తం ఎక్కించారు. ఆయన సంగతి ఆయనకే తెలుసు. ఎవరి నుంచి ఎవరికన్నది ఒకరినొకరు ఎప్పుడూ అడగకూడదని ఒట్టు పెట్టుకున్నాం. ఒక రిపోర్టు వచ్చి దాన్ని చెడగొట్టింది.

18 జూన్
చర్చిలో జెన్నీ ఆంటీ నా బుగ్గ గిల్లి, బాగా ఒళ్ళు చేశావంది. పక్కనే ఆయన. చొక్కా వేలాడుతోంది. ఆరోగ్యంగా ఉన్నందుకు కూడా సిగ్గుపడాలా? పడ్డాను.

21 జూన్, ఉదయం
నా మాత్ర మింగలేదు, నాలుక కింద దాచి తీశాను. నూరి ఆయన టిఫిన్ డబ్బాలోని పప్పులో కలిపాను. నాకు ఎలాగూ వైరస్ తక్కువే. కావలసింది ఆయనకు. ఇది ప్రేమో పిచ్చో.

22 జూన్
పప్పు చేదుగా ఉందట. మెంతులు ఎక్కువయ్యాయన్నాను.

24 జూన్
సుపేలా బజారులో మామిడికాయలు కొని పప్పులో వేశాను. ఇవాళ బాగుందట. రోజూ ఇలాగే చేస్తాను.

7 జూలై
ఆయన పనిచేసే రైలు పట్టాల మిల్లులో కళ్ళు తిరిగి పడబోయాడు. ఎర్రగా కాలుతున్న పట్టాల పక్కన. తోటి పనివాడు నూకరాజు పట్టుకోకపోతే... రాయలేను. వాంతులు. కళ్ళు పచ్చబడ్డాయి.

8 జూలై
రాయపూర్. డాక్టర్ ఛాయ, మన తెలుగావిడే, ఏం తింటున్నాడని అడిగింది. ఆయన ముందే అంతా చెప్పేశాను.

బాగా తిట్టింది. రెండింతల మందు ఆయన లివర్‌ని దెబ్బకొట్టిందట. కుదుటపడేదాకా ఆయనకు మందు ఆపింది. ఆడవాళ్ళలో వైరస్ తక్కువగా కనబడినా రోగం మగవాళ్ళలో ముదిరినంత జోరుగానే ముదురుతుందట. మన ఆడవాళ్ళ ఒళ్ళు ఎక్కువగా పోరాడుతుందట, ఆ పోరాటమే ఒంటిని అలసిపోయేలా చేస్తుందట. మాత్ర మానితే లోపల దాక్కున్నది లేచొస్తుందట. ఎవరి నుంచి ఎవరికన్నది ఈ అంకెలు చెప్పవట.

మరి మా ఇద్దరికీ ఈ తేడా ఎందుకని అడిగితే, మా పుస్తకాల్లో ఉన్నది ఎక్కువగా మగవాళ్ళ రక్తం చూసి రాసిందేనమ్మా, ఆడవాళ్ళ సంగతి ఇంకా నేర్చుకుంటున్నాం అంది. అంటే ఆవిడకీ తెలియదన్నమాట. ఎందుకో కొంచెం ఊరట కలిగింది.

రైల్లో ఆయన ఒక్కటే అన్నాడు. నువ్వు చచ్చి నన్ను బతికిస్తావేటే.

12 జూలై
పప్పు ఆయనే వండుకుంటున్నాడు. నన్ను పొయ్యి దగ్గరికి రానివ్వడు. కోపమో భయమో తెలియడం లేదు.

15 జూలై
ప్రార్థన అయింది. మాత్ర ఆయనే నా నాలుక మీద పెట్టాడు, చర్చిలో ఫాదర్ సత్ప్రసాదపు అప్పం పెట్టినట్టు. మింగాను. నోరు తెరవమన్నాడు. తెరిచాను. నాలుక ఎత్తించి కింద కూడా చూశాడు.