అల్లుడి గట్టు

అక్కా,

నువ్వు కులాసాగా ఉన్నావనుకుంటాను. ఫోన్‌లో ఈ మాట ఎత్తితే పెట్టేస్తావని తెలిసి రాస్తున్నాను. మన పల్లపు చేనుకీ నదికీ మధ్యనున్న గట్టు కొట్టేద్దామనుకుంటున్నాం.

నాన్న గట్టు వేయించాక నది చేలోకి రాలేదు. నాన్న కోరుకున్నదీ అదే. కానీ రెల్లు ఎండిపోయింది. చేపలు గుడ్లు పెట్టే మడుగులు పూడిపోయాయి. చిన్నప్పుడు గోలచేసి మనల్ని నిద్రలేపిన పక్షులు దారి మార్చుకున్నాయి. పోనీ పంటైనా దక్కిందా అంటే, ఒండ్రు రాక నేల చౌడుబారింది.

మొన్నటి వానల్లో గట్టు ఒక మూల కారడం మొదలుపెట్టింది. "పూడ్చమంటావా?" అని మీ మరిది రోజూ అడిగేవాడు. "ఇవాళ్టికి వద్దులే" అని నేను రోజూ అనేదాన్ని. ఆ తడిలో ముందు కప్పలు, తర్వాత చేపపిల్లలు, వాటి వెనకే కొంగలు వచ్చాయి. ఒక నీటికుక్క పిల్లల్ని వెంటేసుకొచ్చి పంపు గది వెనక కాపురం పెట్టింది. ఇప్పుడు పంపు వేయాలంటే మీ మరిది దాన్ని బతిమాలుకోవాల్సి వస్తోంది.

ఇల్లు మెరక మీదే ఉంది కదా, పై చేను మాకు చాలు. అటవీ శాఖ ఆవిడ వచ్చి చూసి, ఎక్కడ కొడితే నీళ్లు నెమ్మదిగా వస్తాయో అక్కడ కర్ర పాతి వెళ్లింది. చిక్కల్లా అదే. అది గట్టు వేసేటప్పుడు బావ మీద మట్టి కూలిన చోటు. ఆవిడకి తెలియదు. నేను చెప్పలేదు.

బావ పోయాక నువ్వీ గడప తొక్కలేదు. గట్టును చూస్తే నాకూ ఆయన సమాధిలాగే అనిపిస్తుంది. నువ్వు వద్దంటే మళ్లీ ఈ ఊసెత్తను.

నీ ఉడత

ఉడతా,

నీ ఉత్తరం చదివి, పక్కన పెట్టి, బట్టలుతుక్కుని వచ్చి మళ్లీ చదివాను.

అది ఆయన సమాధని నీకెవరు చెప్పారు? ఆ గట్టంటే మీ బావకి మొదట్నుంచీ గిట్టదు. పనికి వెళ్తూ ఆ పొద్దున కూడా, "నదికి కాళ్లు చాపుకునే చోటు లేకుండా చేస్తున్నారు మీ నాన్నగారు" అన్నారు. "ఆ మాట నాన్నతోనే అనొచ్చుగా?" అన్నాను. "అల్లుణ్ణి కదా, అడిగితే చెప్తాను" అని నవ్వి, పార భుజాన వేసుకుని వెళ్లారు. నాన్న అడగలేదు.

నేను రాకపోవడం దుఃఖం వల్ల అనుకున్నారు మీరంతా. కాదు, కోపం. ఆయనకి ఇష్టం లేని గట్టు ఆయన ప్రాణం తీసుకుని, ఆయన పేరే పెట్టుకుంది. "అల్లుడి గట్టు" అని నాన్న వచ్చినవాళ్లందరికీ చూపించేవాడు. నాన్న ఉన్నన్నాళ్లూ ఈ మాట మింగాను. పోయాక ఎవరితో అనను?

కొట్టించు. కర్ర ఉన్నచోటే కొట్టించు. యంత్రం వచ్చే రోజు ముందుగా చెప్పు, మొదటి పార నేను వేస్తాను. నీళ్లు లోపలికొచ్చేదాకా మీ ఇంట్లోనే ఉంటాను.

రబ్బరు బూట్లు ఒక జత తెప్పించి ఉంచు. నీవి నాకు పట్టవు.

అక్క