రాజావారి భోజనం

నవంబర్ 14, శుక్రవారం, బాతెల్, అమెరికా

ఉదయం గాజు జాడీకి టార్చ్ వేసి చూస్తే ఒక్క తెల్ల చుక్క కూడా కదల్లేదు. మూత తీస్తే కుళ్ళిన గుడ్డు వాసన. చేప మేత కోసం నేను పెంచుతున్న సన్న నీటి పురుగులు, కోపీపాడ్‌లన్నీ చచ్చిపోయాయి. ఆకలితో చస్తాయన్న భయంతో వాటికి మేత ఎక్కువ వేశానేమో.

శిరీషక్క నాకు అప్పగించి వెళ్ళిన మాండరిన్ చేప అవి తప్ప ఇంకేమీ తినదు. ఉప్పునీటి ట్యాంక్‌లో రాళ్ళ మధ్య రోజంతా వెతుకుతూనే ఉంది. దాని పొట్ట లోపలికి పోయింది. పది నిమిషాలు ధైర్యం కూడగట్టుకుని అక్వేరియం షాప్‌కి ఫోన్ చేశాను. బుధవారం దాకా స్టాక్ రాదన్నారు. అప్పటిదాకా బతుకుతుందా?

సాయంత్రం అక్క గుంటూరు నుంచి వీడియో కాల్ చేసింది. వీసా స్టాంపింగ్‌కి వెళ్ళి అక్కడే ఇరుక్కుపోయింది పాపం.

"ఏం సిస్టరమ్మా, మా రాజావారు భోంచేశారా?"

"చేశారక్కా," అన్నాను. ఫోన్ మాత్రం ట్యాంక్ వైపు తిప్పలేదు.

"ఒక జాడీ పోయినా కంగారు పడకే. రెండోది ఉందిగా, అందుకేగా పెట్టొచ్చాను."

"ఉందక్కా."

స్కూల్లో అబద్ధం చెబితే మోకాళ్ళ మీద నిలబెట్టేవారు. అప్పుడు కూడా ఇంత భయం వేయలేదు. గుంటూరులో ఇప్పుడు పగలే. ఫోన్ చేసి చెప్పేయవచ్చు. నంబర్ తీసి మళ్ళీ పెట్టేశాను. రేపు తనే చేప కనిపించేలా తిప్పమంటే...

రెండో జాడీలో నీళ్ళు పచ్చబడితే పాచి అనుకుని, పోయిన ఆదివారం చర్చి నుంచి వచ్చాక సబ్బు పెట్టి శుభ్రంగా కడిగేశాను.