కనిపించని పసుపు దారం

మంగళవారం రాత్రి, తార్నాక.

నాతో చేపలు పట్టడానికి వచ్చే యాదగిరికి చూపు మసకబారింది, ఆ కళ్లకు ఇప్పుడు పసుపు రంగు ఒక్కటే తేటగా ఆనుతుంది. అందుకే అతని కోసం చేస్తున్న నల్ల గాలపు కర్రకు, గాలపు తీగ దూరే రింగుల దగ్గర పసుపు దారం చుట్టాను. ఎవరినీ అడగకుండా తనే రింగుల్లోంచి తీగ ఎక్కించుకోవాలని నా ఆశ.

దారం ఊడకుండా పైన పూసే ఎపాక్సీ జిగురును నేరుగా పూస్తే రంగు మాసిపోతుంది. ముందు రంగును కాపాడే కలర్ ప్రిజర్వర్ పట్టించాలి. కిందటి వారం యూనివర్సిటీ క్యాంపస్‌లో నడుస్తుంటే, నాతో పనిచేసిన ప్రభాకర్ ఈ కర్ర సంగతి విని ఆపి మరీ చెప్పాడు. "ఒక్క పూత చాలదు సార్, దారం తాగేస్తది. రెండు పెట్టండి, నడుమ ఒక రోజు ఆరనియ్యండి." నాకు రావలసిన డిపార్ట్‌మెంట్ హెడ్ పదవిని ఎగరేసుకుపోయిన మనిషి! రిటైరయ్యాక కూడా నాకు పాఠాలు చెబుతాడు. అతను రెండన్నాడు కాబట్టే ఒక్కటి పూశాను. ఇన్ని పుస్తకాలు చదివి నేను నేర్చుకున్నది ఇదీ.

నిన్న ఎపాక్సీ వేశాక పసుపంతా బురద రంగుకు తిరిగి నల్ల కర్రలో కలిసిపోయింది. ఈ సాయంత్రం యాదగిరి లాలాగూడ నుంచి వచ్చి, కర్రను కిటికీ దగ్గర అటూ ఇటూ తిప్పి చూశాడు.

"పసుపు దారమంటివి గదా అన్నా, ఏడున్నది?"

"అక్కడే ఉంది, సరిగ్గా చూడు" అన్నాను. సిగ్గుతో నోటికొచ్చిన మాట అది.

ఇంకాసేపు చూశాడు. "అయితే గా రంగు గూడ పోయినట్టే నాకు" అని కర్రను మెల్లగా బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు.

అతని కళ్లకు కొత్తగా ఏమీ కాలేదని, దారాన్ని నేనే పాడుచేశానని ఫోన్ చేసి చెప్పాలి. ఎట్లా పాడైందని అడిగితే ప్రభాకర్ మాట చెప్పాలి. ఆ పేరు నోట రాక గంట నుంచి ఫోన్ పట్టుకుని కూర్చున్నాను. లాలాగూడలో అతనికి ఇంకా నిద్ర పట్టి ఉండదు.