ఆర్డిస్ దాచిన మూడు తుపాకులు

లార్చ్ ఫోర్క్ కౌంటీ షెరిఫ్ శ్రీ డ్వేన్ కాఫెల్ట్ గారి సముఖమునకు,
పైన్ క్రీక్ రోడ్డు చివరి ఇంటి కాపురస్థుడు, 'సిద్ధం' మాసపత్రిక సంపాదకుడు ఎమ్మెట్ లిండ్‌క్విస్ట్ వ్రాసుకొను అర్జీ.
మార్చి 11, మంగళవారం.

అయ్యా,

విషయం: మా ఇంట్లో తూటాలు నింపి దాచిన మూడు తుపాకులను, నేనూ నా భార్యా ఇంట్లో లేని సమయమున, తమ సిబ్బందిచేత వెదికించి స్వాధీనపరచుకొనుట గురించి.

సవినయంగా మనవి చేయునది ఏమనగా:

1. నేనెవరో తమకు తెలియనిది కాదు. పోయిన ఏడాది ఏప్రిల్‌లో, ఇంట్లో ఇబ్బంది ఉన్నవాళ్లు తమ తుపాకులను కొన్నాళ్లు మీ ఆఫీసులో భద్రపరచుకోవచ్చని తమరు ప్రకటించినప్పుడు, రైతుల హాలులో లేచి నిలబడి, దానికి 'తుపాకుల అనాథ శరణాలయం' అని పేరు పెట్టినవాడిని నేనే. హాలంతా చప్పట్లు కొట్టారు. తమరు టోపీ చేతిలో పట్టుకుని నిలబడ్డారు. ఆ మర్నాడే నా పత్రిక మొదటి పేజీలో అదే మాట మళ్లీ అచ్చువేశాను. సదరు మాటను ఇందుమూలముగా ఉపసంహరించుకొనుచున్నాను.

2. నా అభిప్రాయాలు ఈ కౌంటీలో చాలామంది పాటిస్తారు. ఇరవై రెండేళ్లుగా నెలకి నాలుగు పేజీలు రాస్తున్నాను. జేబుకత్తి అంటే రెండు అలుగులు చాలుననీ, తుప్పు పట్టే పాత ఉక్కే పదును నిలుపుతుందనీ, మీట నొక్కితే తెరుచుకునే కత్తులు సినిమా చూసి కొనుక్కునేవనీ రాశాను. (మీ డిప్యూటీ నడుముకు వేలాడేది అలాంటిదే. దాంతో ఆపిల్ పండు కూడా సరిగ్గా కోయలేడు. ఇది అర్జీకి సంబంధించని సంగతి.) కరెంటు తాళమున్న ఉక్కు బీరువా నమ్మవద్దనీ, నీళ్లు వడగట్టే గొట్టం ఒకటికి రెండు ఉండాలనీ, మంచులో వారం రోజులు దారి మూసుకుపోయినా ఎవరి గుమ్మమూ తొక్కకుండా బతకగలవాడే మనిషనీ రాశాను. వీటిలో చాలావాటిమీద ఇప్పటికీ నా అభిప్రాయం మారలేదు.

3. మారినవి ఈ క్రింద తెలియజేయుచున్నాను.

నా భార్య ఆర్డిస్‌కు డెబ్బై రెండేళ్లు. ఏడాదిన్నరగా మతిమరపు జబ్బు. మొదట్లో కళ్లజోడు, తాళంచెవులు మరిచిపోయేది. తరవాత మా చెల్లెలి పేరు. ఈ చలికాలం నుంచి నన్ను మరిచిపోతోంది. అన్ని వేళలా కాదు. చాలా రోజులు పొద్దున్న నేనెవరో తెలుస్తుంది. మధ్యాహ్నానికి నేనొక పరాయి ముసలాణ్ని. భర్త ఎల్క్ దుప్పుల వేటకి కొండల్లోకి వెళ్లాడనీ, ఇవాళో రేపో వస్తాడనీ నాకే చెబుతుంది.

4. ఫిబ్రవరి 6వ తేదీ మధ్యాహ్నం కట్టెల మోపు ఎత్తుకుని వెనక తలుపులోంచి వంటింట్లోకి వచ్చాను. ఆర్డిస్ పొయ్యి దగ్గర సూప్ కలుపుతోంది. నన్ను చూసి గరిటె పక్కన పెట్టి, ఏప్రన్ జేబులోంచి రివాల్వర్ తీసి, నా గుండెకేసి గురిపెట్టింది. ఆ రివాల్వర్ నేను కొనిచ్చిందే. ఆడవాళ్ల చేతికి ఐదు తూటాల చిన్న రివాల్వర్‌ను మించింది లేదని ఏళ్ల తరబడి రాసినవాణ్ని.

తమరు పోలీసువారు కనుక దాపరికం లేకుండా చెబుతున్నాను. నాకు మొదట కలిగింది భయం కాదు. ఎంత బాగా నిలబడిందీ అనుకున్నాను. కాళ్లు ఎడంగా పెట్టింది, రెండు చేతులూ బిగించింది, భుజాలు దించింది. ముప్ఫై ఏళ్ల కిందట కంకరగుంట దగ్గర నేను నేర్పినది నేర్పినట్టు అలాగే ఉంది. నా పేరు పోయింది గాని అది పోలేదు. ఆ తరవాతే ఆమె వేలు ట్రిగ్గర్ మీదికి జరగడం చూశాను. కట్టెల మోపు గుండెకి అడ్డం పెట్టుకున్నాను.

"ఆర్డిస్, నేనే" అన్నాను.

"నా పేరు నీకెవరు చెప్పారు?" అంది.

షెరిఫ్ గారూ, ఇంట్లో దూరినవాడు నీ పేరు పెట్టి పిలుస్తాడు, నమ్మకు, వాడితో మాటలు పెట్టుకోకు అని నేర్పిందీ నేనే. ఏం చెప్పినా నా పాఠమే నాకు అడ్డొస్తుంది. ఇంతలో సూప్ పొంగి పొయ్యి మీద పడింది. ఆమె అటు తిరిగి మంట తగ్గించింది. మళ్లీ ఇటు తిరిగేసరికి చేతిలో రివాల్వర్ ఎందుకుందో మరిచిపోయింది. దాన్ని జేబులో వేసుకుని, "కూర్చోండి పెద్దాయనా, చలిలో తిరిగొచ్చినట్టున్నారు" అని నాకు గిన్నెలో సూప్ పోసింది. తాగాను. ఏం రుచో నాకు తెలియలేదు.

5. సదరు సంఘటన తరవాత, ఆమె స్నానానికి వెళ్లిన సమయం చూసి రివాల్వర్‌లోని తూటాలు తీసి, సాధనకి వాడే ఉత్తుత్తి తూటాలు పెట్టాను. ఎంత తెలివైన పని చేశాననుకున్నానో చెప్పలేను. కానీ రోజూ పొద్దున్నే కాఫీకి ముందు తూటాలు చూసుకోవాలని ఆమెకి అలవాటు చేసినవాణ్ని నేనే కదా. మర్నాడు పొద్దున చూసుకుంది. చూసుకుని, నా దగ్గరికి వచ్చి, చెవిలో చెప్పినట్టు మెల్లగా, ఇంట్లో ఎవరో దూరుతున్నారు పెద్దాయనా, జాగ్రత్తగా ఉండండి అంది. ఆ సాయంత్రానికి రివాల్వర్ ఏప్రన్ జేబులో లేదు. సరుకుల గదిలో తూటాల పెట్టె మూత తెరిచి ఉంది, ఐదు తక్కువ ఉన్నాయి. నిండు తూటాలతో ఆ రివాల్వర్‌ను ఎక్కడ దాచిందో నాకు ఈనాటికీ తెలియదు.

6. ఇక అసలు సంగతి. రాయడానికి సిగ్గుగా ఉంది.

మా ఇంట్లో బీరువాలోవి కాక, గదికొకటి చొప్పున పదకొండు తుపాకులు దాచి ఉంచాము. అన్నిట్లో తూటాలు ఉన్నాయి, ఎందుకంటే ఖాళీ తుపాకీ ఇనపముక్కతో సమానమని నా సిద్ధాంతం. ఆరు నేను దాచాను, ఐదు ఆర్డిస్ దాచింది. నేనెక్కడ దాచానో ఆమెకు చెప్పలేదు, ఆమె ఎక్కడ దాచిందో నాకు చెప్పలేదు. కాగితం మీద రాయనూ లేదు. రేపు ఏ దుండగులో వచ్చి మాలో ఒకరిని కొట్టి అడిగినా, అన్నీ చెప్పలేకుండా ఉండాలని ఈ ఏర్పాటు. ఎవరికీ చెప్పనని ఒకరికొకరం మాట ఇచ్చుకున్నాం. ఈ పద్ధతిని 88వ సంచికలో నమూనా ఇంటి రేఖాపటంతో సహా ప్రచురించాను. అందరూ మెచ్చుకుంటూ ఉత్తరాలు రాశారు. ఒక్కరు కూడా, ఒరేయ్ ఎమ్మెట్, మీ ఇద్దరిలో ఒకరికి మతి పోతే ఏం చేస్తావురా అని అడగలేదు. నన్ను నేనూ అడగలేదు.

7. నావి ఆరూ తీసి బీరువాలో పెట్టి తాళం వేశాను. ఆమెవి ఐదింట్లో మూడు దొరికాయి. ఒకటి బట్టలుతికే యంత్రం వెనక, ఒకటి కుట్టుమిషను సొరుగులో, ఒకటి పచ్చళ్ల సీసాల అరలో. ఆమె కునుకు తీసే ఆ అరగంటలోనే వెతకాలి. లేచి చూసిందంటే, వస్తువులు తిరగేస్తున్న దొంగను నేనే అవుతాను. ఇంకా రెండు దొరకాలి, రివాల్వర్‌తో కలిపి మూడు. పొద్దున నేనెవరో తెలిసిన పూట అడిగితే, ఎక్కడ దాచిందో ఆమెకే గుర్తుండదు. ఐదు వారాలుగా నేను నా వంటింట్లోకి అడుగు పెట్టాలంటే బయటినుంచి దగ్గి, పాట పాడుకుంటూ వస్తున్నాను. నాకు పాట రాదని తమకు తెలుసు.

8. చచ్చిపోతానని నాకంత భయం లేదు. డెబ్బై నాలుగేళ్లు బతికాను. నన్ను కాల్చిన ఓ గంటకో, మర్నాటి పొద్దుటికో ఆమెకి తెలివి వస్తుంది చూడండి, అప్పుడు కింద పడి ఉన్నది ఎవరో గుర్తుపడుతుంది. అప్పుడు ఆ ఇంట్లో ఆమె పక్కన ఎవరూ ఉండరు. నా భయం అది.

9. కావున ప్రార్థన:

ఎల్లుండి గురువారం ఉదయం పది గంటలకు ఆర్డిస్‌ను డాక్టరుకు చూపించడానికి పట్నం తీసుకెళుతున్నాను. రెండు గంటలకు ముందు తిరిగి రాము. ఆ నాలుగు గంటల్లో మా ఇల్లు వెదికించగలరు. మందుగుండు వాసన పట్టే కుక్క ఒకటి మీ దగ్గర ఉంది కదా, ప్రజల సొమ్ము తినే కుక్క అని దాన్నీ వెక్కిరిస్తూ రాశాను. దాన్ని తీసుకురండి. అది తిన్న సొమ్ముకి తగిన కుక్కే అని మళ్లీ రాస్తాను.

యూనిఫారంలో రావద్దు. దారిలో ఎవరైనా చూస్తే పొయ్యి గొట్టం బాగుచేయడానికి వచ్చామనండి. గేటు దాటాక ఎడమ పక్కనుంచే నడవండి. కుడి పక్కన కాలికి తగిలేలా తీగ కట్టి డబ్బాలు వేలాడదీశాను. ముందు తలుపుకి మూడు తాళాలు. మూడూ తీసే పోతాను. ఈ ఇల్లు కట్టాక తాళం వేయకుండా గడప దాటడం ఇదే మొదలు.

బీరువాలోవి కూడా అన్నీ తీసుకెళ్లి మీ శరణాలయంలో, క్షమించాలి, మీ భద్రతా గదిలో ఉంచండి. ఒక్కటి కూడా వద్దు. ఎలుగుబంటి వస్తుంది కదా అంటారేమో, ఎలుగుబంటికి కళ్లలో కొట్టే కారం స్ప్రే చాలు. దీనికి వ్యతిరేకంగా నేను మూడు సంచికలు రాశాను. అది కూడా తప్పే.

ఈ సంగతి నలుగురికీ తెలియకుండా ఉంచమని మొదట అడుగుదామనుకున్నాను. అక్కర్లేదు. వచ్చే సంచికలో నేనే రాస్తాను.

నామీద ఉండదగిన కోపాన్ని రెండు రోజులు పక్కన పెట్టి, ఈ అర్జీని గురువారం పది గంటల లోపల చిత్తగించవలెనని కోరుచు,

ఇరవై రెండేళ్లలో మొదటిసారిగా
తమ విధేయుడు,
ఎమ్మెట్ లిండ్‌క్విస్ట్

తా.క. కవరు అంటించి మీ ఆఫీసు పెట్టెలో వేసి వద్దామని బుధవారం మధ్యాహ్నం వంటింటి బల్ల దగ్గర కూర్చున్నాను. ఆర్డిస్ వచ్చి ఎదురుగా కూర్చుంది. ఎవరికండీ ఉత్తరం అని అడిగింది. నేనెవరో తెలిస్తే పేరు పెట్టి ఎమ్మెట్ అనే అంటుంది, ఆ 'అండీ' వినగానే నేనెవరో తెలియని పూట అని అర్థమైంది. షెరిఫ్ గారికి అన్నాను. అయితే నాదీ ఒక ముక్క రాసి పెట్టండి, నా చేతిరాత ఈమధ్య బాగుండటం లేదు అంది. ఆమె చెప్పినది చెప్పినట్టు రాస్తున్నాను:

"షెరిఫ్ గారూ, మా ఇంట్లో ఒక పెద్దాయన ఉంటున్నాడండీ. ఎవరో తెలీదు గాని మంచివాడు. కట్టెలు తెస్తాడు, గిన్నెలు కడుగుతాడు, నాకు మాత్రలు ఇస్తాడు. ఈమధ్య పాటలు కూడా పాడుతున్నాడు, పాపం అస్సలు రాదు. మా ఆయన ఇవాళో రేపో వేట నుంచి వచ్చేస్తాడు. మా ఎమ్మెట్ సంగతి మీకు తెలుసుగా. ఇంట్లో పరాయివాడు కనపడితే ఎవరు నువ్వని కూడా అడగడు, కాల్చేస్తాడు. అందుకని తుపాకులు మా ఆయన చేతికి దొరక్కుండా చోట్లు మార్చేశాను. మీరొచ్చి ఈ పెద్దాయన్ని ఎక్కడైనా వెచ్చగా ఉండే చోట దింపండి. తుపాకులు ఎక్కడున్నాయో మాత్రం నన్ను అడక్కండి. ఎవరికీ చెప్పనని మా ఆయనకి మాటిచ్చాను."

ఇంతవరకూ ఆమెది. కింద ఉన్న సంతకం కూడా ఆమెదే. ఒక్క అక్షరం తప్పు పోలేదు.

డ్వేన్, గురువారం తప్పకుండా రా. దొరికినవన్నీ తీసుకెళ్లు. ఎక్కడ దొరికాయో మాత్రం నాకు చెప్పకు.