కంటి పరీక్ష వాయిదా

1998 ఆగస్టు, మంగళవారం రాత్రి

పోర్టులో మా క్రేన్ ఆపరేటర్ల కంటి పరీక్ష రెండోసారి వాయిదా పడినప్పుడు, దేవుడు నా ప్రార్థన విన్నాడని మోకరించి స్తుతించాను. కుడికన్ను మసకబారిన సంగతి ఎవరికీ చెప్పలేదు.

ఈరోజు నేను దించిన ఇనుప కడ్డీల కట్ట, కింద హుక్కు విప్పే అప్పారావు తలకు జానెడు దూరంలో ఆగింది.

"ఏటి బావా, సంపేత్తావేటి!" అని నవ్వాడు. నా కన్ను సంగతి తెలియక అతను నవ్వినందుకే నాకు మరింత భయమేసింది.

ఇంటికొచ్చి నా భార్య మేరీకి అంతా చెప్పేశాను.

"దేవుడు టైమిచ్చింది దాక్కోడానికి కాదేమోనండి. ఒప్పుకోడానికేమో సూడండి" అంది.

రేపు ఫోర్‌మన్‌కి చెప్పాలి. ఉద్యోగం పోతే పిల్లల గతేమిటో తెలియదు. చాలా భయంగా ఉంది. ప్రభువా, తెల్లారేసరికి నా మనసు మారకుండా చూడు.