ఆబ్దికం నాటి సిగరెట్

అన్నయ్యా,

ఈరోజు బాపట్లలో నీ ఆబ్దికం పెట్టాం. రక్త క్యాన్సర్ నిన్ను తీసుకెళ్ళి ఏడాదయింది. పోయిన వారమే రేపల్లె నుంచి వచ్చి చిన్నన్నయ్య రక్తపరీక్షలు చేయించుకున్నాడు. "వయసుతోపాటు మీ రక్తకణాలు కొన్ని మారాయండి. ఇది క్యాన్సర్ కాదు. కానీ సిగరెట్ దీన్ని పెంచుతుంది, గుండెకీ ముప్పే. వయసును ఆపలేం, సిగరెట్ మానొచ్చు కదా!" అన్నారు డాక్టరుగారు.

అయినా భోజనాలయ్యాక చిన్నన్నయ్య పెరట్లో సిగరెట్ వెలిగించాడు. నీ దగ్గర ఎప్పుడూ గొంతు పెంచని పెద్దవదిన దాన్ని అతని నోట్లోంచి లాగేసి చెంప పగలగొట్టింది. అతను కోపంతో తోసేశాడు. రోటి అంచు తగిలి వదిన నుదురు చిట్లింది. మొహమంతా రక్తం కారుతున్నా లేచి, అతని చొక్కా పట్టుకుని గోడకేసి కొట్టింది.

"నన్ను చంపెయ్యవయ్యా! నీ పెళ్ళాన్ని మాత్రం నాలాగా ఆసుపత్రి వరండాలో కూర్చోబెట్టకు!"

మేం విడదీసేసరికి అతని చొక్కా చిరిగిపోయింది.

ఆసుపత్రిలో కుట్లు వేస్తూ ఏం జరిగిందని నర్సు అడిగింది. "కాలు జారిందండి," అంది వదిన.

"లేదండి, నేనే తోశాను," అన్నాడు చిన్నన్నయ్య. జేబులోని సిగరెట్ పెట్టె తీసి నా చేతికిచ్చి, వదిన కాళ్ళ దగ్గర నేలమీద కూలబడి ఏడ్చాడు.

నువ్వు పోయిన రోజు కూడా అతను ఏడవలేదన్నయ్యా.

నీ చెల్లి