సుజాత వ్యానెక్కింది

డిసెంబర్ 2006, శనివారం రాత్రి

సుజాత వ్యానెక్కింది. పోయినేడు తానెక్కిన బస్సు బోల్తా పడ్డప్పటి సంది మా చెల్లె ఆటో గూడ ఎక్కలె. కాలేజీ గూడ బంద్ పెట్టింది. ఇయ్యాల వనపర్తిల నా చెయ్యి నలిపేసుకుంటనే ఎక్కింది.

మా ఆయన దోస్తు చేన్ల రెండు రోజులుందామని పరుపులు, స్టవ్వు, బియ్యం అన్ని వ్యాన్ల ఏసుకొని బయలెల్లినం. బిజినేపల్లి దాటంగనే "ఆపుండ్రి, నేను దిగుత" అని ఒర్లింది. దిగి రోడ్డు పట్టుకొని నడుసుకుంట పోయింది. మా ఆయన దాని ఎన్కనే వ్యాను మెల్లగ పోనిచ్చిండు. ఇగ అయిపాయె, ఇంటికి తిరుగుడే అనుకున్న.

జరసేపటికి సుజాతనే ఆగింది. ముంగటి తలుపు తీసి మా ఆయన పక్కన కూసున్నది.

"బావా, రోడ్డు కండ్ల ముంగట కనబడ్తుంటే గంత భయమైతలేదు. పోనియ్యి."

ఎన్క కూసున్న నాకు ఏడుపాగలె.

పొద్దుగూకినంక చేన్లనే కందికాయ ఉడకబెట్టుకొని తిన్నం. అది కడుపునిండ తిన్నది. వ్యాన్ల పండుకోదని కొట్టంల దానికి పక్కేసినం. కొద్దిసేపటికి దుప్పటి సంకల పెట్టుకొని వ్యాను కాడికి వచ్చింది.

"అక్కా, జర జరుగు."

"ఈడ పంటవానే?"

"ఆడ ఎలుకలున్నయి."

ఎలుకలున్నయో లేవో నాకు తెల్వదు. తిరిగి పోయేటప్పుడు మళ్ల దిగుతనంటదేమో, అది గూడ తెల్వదు. ఇప్పుడైతే వ్యాన్ల నా పక్కనే గురకపెట్టి పండుకున్నది...